పంట కాపుదలకు తొలి తుపాకి: ఎంపికయు, గురి సరిచూచుటయు

వేరుశనగ ఊడలు దిగి కాయ గట్టిపడు దినములలో గాని, మొక్కజొన్న కండె పాలు పోసికొను దినములలో గాని పంచాయతీ సభ జరిగినచో, కార్యక్రమ పత్రములో ఉన్నను లేకున్నను ఒక విషయము తప్పక చర్చకు వచ్చును. అది అడవిపందుల బెడద. ఒక మంద ఒక్క రాత్రి చేనిలో దిగినచో తెల్లవారునప్పటికి ఆ చేను నాగలి పట్టిన నేలవలె ఉండును. తినినది కొంత, త్రొక్కి పాడుచేసినది అంతకు రెండింతలు. అప్పు తెచ్చి విత్తిన రైతు గట్టుపై నిలిచి చూచుచున్నప్పుడు అతనికి చట్టము జ్ఞాపకమునకు రాదు. ఏదో ఒకటి చేయవలెనను పట్టుదల మాత్రమే మిగులును.

ఆ పట్టుదలతో కొందరు చేని చుట్టును కరెంటు తీగ కట్టుచున్నారు. ఆ తీగకు పంది తగులునో లేదో గాని, తెల్లవారుజామున నీరు పెట్టుటకు వచ్చిన పొరుగు రైతు తగిలిన సందర్భములు మన జిల్లాలలో అనేకము జరిగినవి. మరికొందరు పిండిముద్దలో నాటుబాంబు పెట్టి పొలములో విడుచుచున్నారు. దానిని కొరికి దవడ పగిలిన ఆవులను పశువైద్యశాలలవారు ఎరుగుదురు. ఈ రెండును నేరములే. అంతకు మించి, మనిషిని పశువును గుర్తించని గ్రుడ్డి సాధనములు. మూడవ దారి లైసెన్సు గల తుపాకి. ఇది గ్రుడ్డిది కాదు, ఏలయన దాని వెనుక ఒక మనిషి కన్ను ఉన్నది. ఐతే ఆ కన్ను, ఆ చేయి, ఆ గొట్టము మూడును ఒక గీతపైకి వచ్చినప్పుడే అది పనికివచ్చును. తక్కువ ఖర్చుతో తొలిసారి తుపాకి కొనదలచిన రైతు దేనిని ఎంచుకొనవలెను, కొన్న పిమ్మట గురి ఎట్లు సరిచూచుకొనవలెను అను సంగతులు పంచాయతీ సభ్యులు తెలిసికొని, ఊరివారికి చెప్పగలుగుటకై ఈ వ్యాసము వ్రాయబడినది.

రెండు అనుమతులు

తుపాకి లైసెన్సు ఉన్నచో పందిని కాల్చవచ్చునని పలువురి నమ్మకము. ఇది పొరపాటు. తుపాకి కలిగియుండుటకు ఒక అనుమతి, జంతువును కాల్చుటకు వేరొక అనుమతి కావలెను. మొదటిది 1959 ఆయుధ చట్టము క్రిందిది. రెండవది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రిందిది.

ఆయుధ చట్టము 13వ సెక్షనులో రైతుకు అనుకూలమైన మాట ఒకటి కలదు. నిజముగా పంట కాపుదలకు మూతి నుండి మందు కూరు తుపాకిని కోరు భారత పౌరునికి లైసెన్సు అధికారి లైసెన్సు ఇయ్యవలెనని ఆ సెక్షను చెప్పుచున్నది. ఆ తుపాకి చాలదని అధికారికి తోచినచో, 20 అంగుళములకు తక్కువ కాని గొట్టము గల వేరొక నునుపు గొట్టపు తుపాకికి లైసెన్సు ఇయ్యవచ్చును. అయితే పోలీసు విచారణ నివేదిక రావలెను, దరఖాస్తుదారునికి 21 సంవత్సరములు నిండవలెను, 2016 నిబంధనల ప్రకారము భద్రతా శిక్షణ పొందవలెను. అర్జీని నిరాకరించినచో కారణములను వ్రాతమూలకముగా నమోదు చేయవలెను. దానిపై అప్పీలు చేసికొను హక్కు కలదు. 2019 సవరణ తరువాత ఒక వ్యక్తి రెండు తుపాకులకు మించి ఉంచుకొనరాదు. లైసెన్సు గడువు మూడేండ్ల నుండి ఐదేండ్లకు పెరిగినది.

ఇక వేట మాట. వన్యప్రాణి చట్టము 11వ సెక్షను ప్రకారము, రెండవ షెడ్యూలులోని జంతువు మనుష్యుల ప్రాణమునకు గాని, నిలిచియున్న పంటకు గాని అపాయకరమైనదని ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి, లేక ఆయన అధికారమిచ్చిన ఉద్యోగికి నమ్మకము కలిగినచో, కారణములు వ్రాసి, ఫలానా ప్రాంతములో దానిని చంపుటకు వ్రాతమూలక ఉత్తరువు ఇయ్యవచ్చును. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన సవరణ తరువాత అడవిపంది ఈ రెండవ షెడ్యూలులో ఉన్నది. నెమలి, కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉన్నవి. చేనిలో నెమళ్ళు ఎంత నష్టము చేసినను వాటివైపు తుపాకి త్రిప్పుట ఘోరమైన నేరమగునని ఊరివారికి స్పష్టముగా చెప్పవలెను. అనుమతితో చంపిన పంది కూడ రైతు సొత్తు కాదు, ప్రభుత్వ సొత్తు. దానిని కోసి పంచుకొనుట తగదు. అటవీ సిబ్బందికి కబురు చేయవలెను.

కేరళ రాష్ట్రములో 2022 మే మాసమున మంత్రివర్గము చేసిన నిర్ణయముతో, పంటను పాడుచేయు అడవిపందిని కాల్పించుటకు ఉత్తరువు ఇచ్చు అధికారము స్థానిక సంస్థల అధ్యక్షులకు లభించినది. కాల్చువారు లైసెన్సు గల తుపాకి కలవారై యుండవలెను. ఆ రాష్ట్రపు పంచాయతీ అధ్యక్షునికి అప్పటినుండి తుపాకుల సంగతి, గురి సంగతి కొంతవరకైనను తెలియుట అవసరమైనది. ఎవనిని పంపవచ్చును, ఎవనిని పంపరాదు అని నిర్ణయించువాడు ఆయనే కదా. మన గ్రామములలోను పంచాయతీ తీర్మానముతో, నష్టపోయిన చేల సర్వే నంబర్లతో వెళ్ళిన అర్జీకి ఒంటరి రైతు అర్జీకన్న ఎక్కువ బరువు ఉండునని నా అనుభవము. ఆ తీర్మానములోనే తుపాకి పట్టువాని పేరు కూడ వ్రాయుట మంచిది.

యువకుల ప్రశ్న

గ్రామములలో ఈ విషయమును గూర్చి మాట్లాడునప్పుడు యువకులు తరచుగా ఒక ప్రశ్న అడుగుచుందురు: "అయ్యా, ఒకటి తరువాత ఒకటి తానుగా ఎక్కు రైఫిలు తెచ్చుకొనరాదా?" సినిమాలలోను, ఫోనులోను చూచినవారి ప్రశ్న అది. తప్పుబట్టవలసిన పని లేదు, సమాధానము చెప్పవలెను.

వారు అడుగునది అర్ధస్వయంచాలిత రైఫిలు. మీట నొక్కిన ప్రతిసారి ఒక గుండు వెడలును. ఆ పేలుడులో పుట్టిన వాయువు గాని, వెనుకకు తన్ను బలము గాని బోల్టును వెనుకకు నెట్టి, ఖాళీ తూటాను బయటకు విసరి, క్రొత్త తూటాను లోనికి ఎక్కించును. మరల నొక్కినచో మరల పేలును. మన పోలీసుల చేతులలో పలువురు చూచిన ఎస్.ఎల్.ఆర్. ఈ జాతిదే, దానిని ఇషాపూరు రైఫిలు ఫ్యాక్టరీలో తయారుచేసిరి. మీట పట్టియున్నంతసేపు పేలుచునే యుండునది పూర్తి స్వయంచాలితము, అది వేరు. అమెరికాలో సాధారణ పౌరులు అర్ధస్వయంచాలిత రైఫిళ్ళను దుకాణములలో కొనుచున్నారు. మన దేశములో ఇట్టి రైఫిళ్ళు నిషిద్ధాయుధముల వర్గములో చేర్చబడినవి. కేంద్ర ప్రభుత్వపు ప్రత్యేకానుమతి లేనిదే ఎవరును వాటిని ఉంచుకొనరాదు. జిల్లాలో పంట కాపుదలకని ఇచ్చు లైసెన్సుకు ఇవి అందవు.

చట్టము ప్రక్కన పెట్టినను, చేని గట్టుపై వాటి ప్రయోజనము స్వల్పము. పంది వచ్చినప్పుడు మొదటి దెబ్బకే విలువ. అది తప్పినచో మంద చీకటిలో కలిసిపోవును. ఆ పిమ్మట వరుసగా వదలు గుండ్లన్నియు ఎటు పోవునో కాల్చినవానికే తెలియదు. ఆవలి వైపున ఊరున్నది, ఇంకొక మంచె ఉన్నది. వేగముకన్న గురి ముఖ్యము.

చేతిలోని సొమ్ముకు తగిన తుపాకి

అన్నింటికంటె చవుకైనది మూతి నుండి మందు కూరు తుపాకి. నునుపు గొట్టములో తుపాకి మందు, దానిపై అట్టబిళ్ళ, దానిపై రవలు, మరల అట్టబిళ్ళ కూరి, వెనుక చనుమొనపై టోపీ పెట్టుదురు. ఒక్క దెబ్బ తీసిన పిమ్మట మరల నింపుటకు నిమిషము పైబడును. వానలో మందు చెమ్మగిల్లును. ఐనను చేని కాపుదలలో సగము పని శబ్దముతోనే జరుగును గనుక దీనిని తీసివేయరాదు. దీనిలో వాడదగినది నల్లమందు మాత్రమే. తూటాలను విప్పి అందులోని పొగలేని మందును దీనిలో పోసినవాని చేతిలో గొట్టము పగులును; ముఖము, చేతివ్రేళ్ళు పోవును. ఇంకొక ప్రమాదము కూరినదానిపై మరల కూరుట. దీనికి పాతకాలపు వేటగాండ్ర ఉపాయము ఒకటి కలదు. ఖాళీ గొట్టములో కూరు కడ్డీని దింపి, మూతి దగ్గర కడ్డీపై గాటు పెట్టవలెను. సరియైన మోతాదు కూరిన పిమ్మట మరల దింపి రెండవ గాటు పెట్టవలెను. ఎప్పుడు అనుమానము వచ్చినను కడ్డీ దింపి చూచినచో, తుపాకి ఖాళీగా ఉన్నదో, నిండియున్నదో, రెండు మార్లు నిండినదో క్షణములో తెలియును.

దీనికి పై మెట్టు పన్నెండు బోరు ఒంటి గొట్టపు తుపాకి. నా అభిప్రాయములో తొలిసారి కొను రైతుకు ఇదియే తగినది. మడత విప్పి వెనుక నుండి ఒక తూటా పెట్టుదురు. విప్పి చూపినచో ఖాళీ అని దూరమునున్నవానికి కూడ తెలియును. పన్నెండు బోరు అనగా, గొట్టపు లోపలి కొలతకు సరిపోవు సీసపు గుండ్లు పన్నెండు కలిసి ఒక పౌను తూగునని అర్థము. ఆ కొలత సుమారు 18.5 మిల్లీమీటర్లు. బీహారులోని ముంగేరు తుపాకి పనివారు, జమ్మూ పనివారు, ప్రభుత్వ ఆయుధ కర్మాగారములు వీటిని చేయుచు వచ్చినవి. జంట గొట్టముల తుపాకికి ఖరీదు ఎక్కువ, బరువు ఎక్కువ. రెండవ దెబ్బ వెంటనే దొరకుట దాని సుగుణము. చేతిలో సొమ్ము లెక్కగా ఉన్నవాడు జంట గొట్టముల పాత తుపాకికి పోవుటకన్న ఒంటి గొట్టపు మంచి తుపాకి కొని, మిగిలిన సొమ్ముతో తూటాలు కొని అభ్యాసము చేయుట మేలు. తుపాకి కొన్నవారు పలువురు చేయు పొరపాటు ఇదే: ఉన్న సొమ్మంతయు తుపాకిపై పెట్టి, రెండే తూటాలతో మంచె ఎక్కుదురు.

మూడవది రైఫిలు. గొట్టములో మెలి గాళ్ళు ఉండుటచే గుండు బొంగరమువలె తిరుగుచు నేరుగా పోవును. మన దేశములో పౌరులకై చేసిన .315 రైఫిలు చేతితో బోల్టు ఆడించునది. గురిలో దీనికి సాటి లేదు గాని, దీని గుండు రెండు మైళ్ళకు పైగా పోగలదు. చిన్నదని చులకనగా చూచు .22 రైఫిలు గుండు సహితము మైలున్నర పోవును. పోల్చి చూడుడు: ఆరవ నంబరు రవ సుమారు 225 గజములు, ఎస్.జి. రవ సుమారు 650 గజములు మాత్రమే పోవును. ఊళ్ళు దగ్గరగా ఉన్న మైదాన ప్రాంతములలో రవల తుపాకియే ఏల మేలో ఈ అంకెలే చెప్పును.

పాత తుపాకి కొనునప్పుడు

ఇతరుల నుండి పాత తుపాకి కొనుట చవుక. అయితే చేతిలో సొమ్ము పెట్టి తుపాకి తీసికొని పోవుట కుదరదు. అమ్మదలచినవాడు కొనువాని పేరుతో సహా లైసెన్సు అధికారికి గాని, దగ్గరి పోలీసు ఠాణాకు గాని వ్రాతమూలకముగా తెలియజేసి, 45 దినములు గడచిన పిమ్మటనే ఇయ్యవలెను. కొనువానికి అప్పటికే లైసెన్సు ఉండవలెను. తుపాకిపై తయారీదారుని గుర్తు, నంబరు లేనిచో దానిని కొనుటయే నేరము. నంబరును ఆకురాయితో అరగదీసిన జాడ కనిపించినచో ఆ ఇంటినుండి వెంటనే వెడలుట క్షేమము.

తరువాత వస్తువు పరీక్ష. ముందు విప్పి ఖాళీ అని చూచుకొనవలెను. గొట్టమును ఆకాశమువైపు పట్టి లోపలికి చూచినచో వెలుగు వలయములు ఒకదానిలో ఒకటి గుండ్రముగా కనబడవలెను. వలయము నొక్కుకొనిపోయినట్లున్నచో అక్కడ సొట్ట ఉన్నది. నల్లని చుక్కలు త్రుప్పు తిన్న గుంటలు. మూసిన తుపాకిని ముందుకఱ్ఱ తీసి మెల్లగా ఊపినప్పుడు గొట్టము కీలు దగ్గర కటకటలాడినచో దానిని వదలివేయవలెను; పేలుడు వత్తిడి ఆ సందునుండి కంటివైపు రాగలదు. గుఱ్ఱమును సగము ఎత్తి ఉంచి మీట గట్టిగా నొక్కినను అది పడరాదు. కఱ్ఱపిడి సన్నపడు మెడ దగ్గర వెండ్రుక వంటి పగులు ఉన్నదేమో గోరుతో చూడవలెను.

తూటా గది పొడవు ముఖ్యమైనది. పాత తుపాకులలో రెండున్నర అంగుళముల గదులు కలవి అనేకము. ఇప్పుడు దొరకు తూటాలు పలువిధములు రెండుముప్పాతిక అంగుళములవి. పొడవు తూటా పొట్టి గదిలో సులభముగా పట్టును, అదియే మోసము. పేలినప్పుడు దాని మూతి విచ్చుకొనుటకు చోటు లేక వత్తిడి పెరిగి గొట్టము చెడును. గది పొడవును గొట్టము అడుగున ముద్రించియుందురు. అది లేనిచో లైసెన్సు గల తుపాకి మరమ్మతుదారునితో కొలిపించుకొనవలెను.

చివరగా, తుపాకి తనకు సరిపోవునా అని చూడవలెను. కన్నులు మూసికొని భుజమునకు ఎత్తి, చెక్కిలి పిడికి ఆనించి కన్నులు తెరువవలెను. మూతిపైనున్న గురిపూస గొట్టము నడుమ, కొంచెము పైకి కనబడినచో సరిపోయినట్లే. గొట్టపు వీపు చాలభాగము కనబడినచో దెబ్బ పైకి పోవును. గొట్టము ఎడమ ప్రక్క కనబడినచో ఎడమకు పోవును. రవల తుపాకికి వెనుక గురి ఉండదు. కాల్చువాని కన్నే వెనుక గురి.

రవల తుపాకి గురి పరీక్ష

ఈ పరీక్ష చేయు చోటు ముందుగా పోలీసువారికి తెలిపినదియు, వారు ఒప్పినదియు అయి ఉండవలెను. జిల్లాలో రైఫిలు సంఘపు మైదానము ఉన్నచో మరియు మంచిది. వెనుక ఎత్తైన మట్టికట్ట తప్పనిసరి. రాతిగుట్ట పనికిరాదు, సీసము రాతికి తగిలి ఎగిరివచ్చును. చెరువు నీటివైపు కాల్చుట ఇంకను చెడ్డది. చెవులలో ప్రత్తి పెట్టుకొనుట పిరికితనము కాదు. శబ్దమునకు బెదరిన చేయి మీట నొక్కుటకు ముందే మూతిని క్రిందికి వంచును. గురి తప్పుటకు తుపాకికన్న ఈ ఉలికిపాటే ఎక్కువ కారణము.

నాలుగడుగుల చదరపు కాగితమును చట్రమునకు అంటించి, నడుమ నల్లచుక్క పెట్టి, 40 గజముల దూరమున నిలుపవలెను. ఆరవ నంబరు తూటాతో చుక్కకు గురిపెట్టి ఒక దెబ్బ తీయవలెను. తరువాత రవలు దట్టముగా పడిన చోట నడిమి పట్టుకొని 30 అంగుళముల అడ్డుకొలత గల వలయము గీయవలెను. తూటాలో సుమారు 290 రవలున్నచో, వలయములో 200 పడినచో గొట్టపు మూతి బాగుగా ఇరుకైనదని అర్థము. నూటికి డెబ్బది అన్నమాట. నూటికి నలుబది పడినచో మూతి ఇరుకు లేని సమగొట్టము. వలయము నడిమికిని నల్లచుక్కకును ఎంత ఎడమున్నదో చూచినచో తుపాకి ఎటు కొట్టుచున్నదో తెలియును. ఒక్క కాగితముతో తీర్పు చెప్పరాదు. మూడు కాగితములైనను చూడవలెను.

పందికి ఆరవ నంబరు పనికిరాదు, ఎస్.జి. వంటి పెద్ద రవలు కావలెను. ఎస్.జి. రవలు ఔన్సుకు ఎనిమిది మాత్రమే. ఇన్ని కొద్ది రవలతో నూటి లెక్క వేయుటకన్న వేరొక విధము మేలు. అన్నము తిను పళ్ళెమంత, అనగా పది అంగుళముల గుండ్రటి అట్ట కట్టి, 20 గజములనుండి మొదలిడి ఐదేసి గజములు వెనుకకు జరుగుచు కాల్చవలెను. పంది ముందుకాలి వెనుక గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు ఇంచుమించు అంతయే. అట్టలో నాలుగు రవలైనను పడుట ఎక్కడ ఆగిపోవునో, అదియే ఆ తుపాకికి ఆ తూటాతో హద్దు. కొన్నింటికి అది 25 గజములు, కొన్నింటికి 35. ఏ తుపాకికైనను 40 గజములు దాటి పందిపై ఎస్.జి. విడుచుట గాయపరచుటకే. గాయపడిన పంది పొదలో చేరి, తెల్లవారి కట్టెలకు పోయిన ఆడవారిపై తిరుగబడును.

ఒకమారు ఒక గ్రామమున ఒక పెద్దరైతు తన తుపాకి "అరువది గజముల వరకు పడగొట్టును" అని నాతో చెప్పెను. మరునాడు కాగితము కట్టి చూచితిమి. అరువది గజముల వద్ద పళ్ళెములో ఒక్క రవయు లేదు. ఆయన కొంతసేపు మాటాడలేదు. పిమ్మట చేనికి పోయి, మంచెకు 30 గజముల దూరమున నాలుగు వైపుల సున్నపు రాళ్ళు పాతించెను. ఆ రాళ్ళకు ఆవలనున్న పందిపై ఆ ఇంటివారు మరల మందు వ్యర్థము చేయలేదు.

మూతి ఇరుకైన గొట్టమునుండి ఒంటిగుండు తూటా కాల్చదలచినవారు, ఆ తూటా ఇరుకు గొట్టమునకు తగినదని పెట్టెపై వ్రాసియున్ననే కాల్చవలెను. ఇంట పోసిన సీసపు గుండు ఇరుకులో చిక్కినచో మూతి చీలిపోవును.

రైఫిలు గురి సరిచేయుట

.315 లైసెన్సు ముందే కలవారికి ఈ భాగము. మొదట గొట్టములోని నూనెను గుడ్డతో పొడిగా తుడువవలెను. నూనె గొట్టమునుండి వెడలు మొదటి గుండు దారి తప్పును. ఇసుక నింపిన గోనెసంచిపై ముందుకఱ్ఱను ఆనించవలెను, గొట్టమును ఆనించరాదు. మొదట 25 మీటర్ల వద్ద మొదలిడినచో గుండు కాగితముపైననే పడును, తూటాలు వ్యర్థము కావు. తరువాత 50 మీటర్లకు జరుగవలెను. చేని కాపుదలకు ఇంతకు మించిన దూరము అక్కరలేదు.

ఒకే చుక్కకు, ఒకే తీరున గురిపెట్టి, నింపాదిగా మూడు గుండ్లు కాల్చవలెను. ఒక్కొక్క గుండుకు గురి మార్చువాడు ఎన్నటికిని సరిచేయలేడు. మూడు రంధ్రములు దగ్గరగా ఉన్నచో వాటి నడిమిని గుర్తించి, చుక్కనుండి ఎంత దూరమో కొలువవలెను. మూడును మూడు దిక్కుల పడినచో తప్పు గురిలో లేదు, చేతిలోనో, వదులైన మరలోనో ఉన్నది. ముందు దానిని చూడవలెను.

గురి ఎంత జరుపవలెనో త్రైరాశికముతో తెలియును. ముందు గురికి, వెనుక గురికి నడుమ దూరము 50 సెంటీమీటర్లు అనుకొందము. లక్ష్యము 50 మీటర్లు, అనగా అంతకు నూరు రెట్లు. గుండ్ల నడిమి చుక్కకు 10 సెంటీమీటర్లు ఎడమగా పడినచో, అందులో నూరవ వంతు, అనగా ఒక మిల్లీమీటరు గురిని జరుపవలెను. వెనుక గురిని గుండు పోవలసిన వైపునకు, అనగా కుడికి జరుపవలెను. ముందు గురిని జరుపునచో దీనికి ఎదురుగా, ఎడమకు జరుపవలెను. గుండ్లు క్రింద పడుచున్నచో వెనుక గురి ఎత్తవలెను, లేక ముందు గురి తగ్గవలెను. ముందు గురిని ఆకురాయి పట్టుటకు తొందరపడరాదు. అరిగినది తిరిగి పెరుగదు. సరిచేసిన పిమ్మట మరల మూడు గుండ్లు కాల్చి చూచి, ఏ తయారీ తూటాతో సరిచేసినదో చీటిపై వ్రాసి పెట్టెలో ఉంచవలెను. తూటా మారినచో గురి మారును.

మంచెపైనను, ఇంటిలోను

మంచె వేయునప్పుడే పగటివేళ పంచాయతీ సభ్యులిద్దరు ఎక్కి చూచుట మంచిది. ఏ వైపున ఊరు, బాట, పొరుగు మంచె, మోటారు షెడ్డు ఉన్నవో ఆ వైపులు విడిచి, కాల్చదగిన వైపున నేలలో రెండు గూటములు పాతి, వాటిపై తెల్లగుడ్డ కట్టవలెను. ఆ రెండు గూటముల నడుమకాక వేరొక దిక్కునకు మూతి త్రిప్పరాదు. మంచె ఎత్తుగా ఉండుటచే గుండు నేలవైపు పోవును; ఇది మంచెకు గల పెద్ద లాభము. కదలిన ఆకును చూచి కాల్చరాదు. టార్చి వెలుగులో తల, కాళ్ళు, తోక కనబడువరకు మీటపై వ్రేలు పెట్టరాదు. పంది అనుకొని దూడను కాల్చినవారు కలరు. పంది అనుకొని మనిషిని కాల్చినవారును కలరు. ఆ రాత్రి ఏ మంచెపై ఎవరున్నారో, ఏ దారిన ఎవరు నీరు పెట్టుటకు పోవుదురో తెలుపు చీటి పంచాయతీ కార్యాలయపు పలకపై సాయంకాలమే ఉండవలెను.

మంచె దిగునప్పుడు తూటా తీసి, విప్పిన తుపాకిని చేతికిచ్చి, తరువాత దిగవలెను. ఇంటిలో తుపాకిని తాళము గల పెట్టెలోను, తూటాలను వేరొక తాళములోను ఉంచవలెను. దూలమునకు వ్రేలాడదీయు పాత అలవాటు పిల్లలున్న ఇంట ప్రాణాంతకము. కాల్చిన రాత్రియే గొట్టమును తుడిచి నూనె రాయవలెను. నల్లమందు వాడినచో ముందు వేడినీటితో కడిగి, ఆరనిచ్చి, తరువాత నూనె రాయవలెను. లేనిచో ఒక్క వానకాలములో గొట్టము గుంటలు పడును. పెండ్లి ఊరేగింపులో సరదాకు కాల్చుట 2019 సవరణ ప్రకారము రెండేండ్ల వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపదగిన నేరము.

ఎన్నికల వేళ ఠాణాలో అప్పగించమన్నచో అప్పగించి రసీదు తీసికొనవలెను. లైసెన్సుదారుడు మరణించినచో ఆ తుపాకిని కుమారుడు "నాయన తుపాకి" అని ఇంట ఉంచుకొనరాదు. జాప్యము లేకుండ ఠాణాలో గాని, లైసెన్సు గల వ్యాపారి వద్ద గాని దాఖలు చేసి, తన పేర లైసెన్సునకు అర్జీ పెట్టుకొనవలెను. ఊరిలో మరణములు నమోదగునది పంచాయతీ పుస్తకములోనే గనుక, ఆ ఇంట తుపాకి ఉన్న సంగతి ఎరిగిన సభ్యుడు కర్మకాండలు ముగిసిన వెంటనే ఈ మాట ఆ కుటుంబము చెవిని వేయవచ్చును.